పాత కారులో హెడ్ గాస్కెట్ మార్పిడి: ఇంటి వద్ద ఎంతవరకు సాధ్యం?

కారు ఇంజిన్‌లో సిలిండర్లు ఉండే బ్లాక్‌కు, దానిపై మూతలా బిగించే సిలిండర్ హెడ్‌కు మధ్య అమర్చే పలుచని పొరను హెడ్ గాస్కెట్ అంటారు. దాని మందం సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. ఈ పొర ఒకచోట కాలినా, చిరిగినా ఇంజిన్ వేడెక్కుతుంది, నీరు తగ్గిపోతుంది, ఆయిల్ పాడవుతుంది. అప్పటికీ కారును నడుపుతూ పోతే ఇంజినే పనికిరాకుండా పోతుంది.

గాస్కెట్ ఖరీదు తక్కువే. దానిని చేరుకోవడానికి ఇంజిన్ పైభాగమంతా విప్పవలసి రావడంతో కూలి ఖర్చే ఎక్కువవుతుంది. పదిహేను, ఇరవై ఏళ్లు నడిచిన కారుకు ఈ మరమ్మతు బిల్లు ఒక్కోసారి కారు అమ్మకపు విలువకు దగ్గరగా వస్తుంది. అందుకే పనిముట్లు వాడడం తెలిసిన కొందరు యజమానులు ఈ పనిని ఇంటి వద్దే చేసుకుంటారు. దీనికి కండబలం కన్నా ఓపిక, శుభ్రత, కొలతల పట్ల నిక్కచ్చితనం ఎక్కువ అవసరం. గాస్కెట్ ఎందుకు పోయిందో తేల్చుకోకుండా కొత్తది వేస్తే అదీ కొద్దికాలానికే పాతదాని దారి పడుతుంది.

గాస్కెట్ చేసే పని

హెడ్ గాస్కెట్ ఒకేసారి మూడింటిని వేరు చేసి ఉంచుతుంది. సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడు పుట్టే వాయువులను బయటకు పోనివ్వదు. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌ను దాని దారిలోనే ఉంచుతుంది. పైకి ఎక్కి కిందికి దిగే ఆయిల్‌ను ఆ రెండింటితో కలవనివ్వదు. మండే వాయువు ఉష్ణోగ్రత క్షణకాలం 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అక్కడికి కొద్ది మిల్లీమీటర్ల దూరంలో ప్రవహించే కూలెంట్ దాదాపు 90 డిగ్రీల వద్ద ఉంటుంది.

చాలా కార్లలో హెడ్ అల్యూమినియంతో, బ్లాక్ పోత ఇనుముతో తయారవుతాయి. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా సుమారు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. ఇంజిన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రెండు లోహాలూ వేర్వేరు కొలతల్లో కదులుతాయి. మామూలు పరిస్థితుల్లో ఆ కదలికను గాస్కెట్ తట్టుకుంటుంది. ఇంజిన్ హద్దు మీరి వేడెక్కినప్పుడు మాత్రం హెడ్ వంగుతుంది. వంగిన చోట పట్టు సడలి, మండే వాయువు ఆ సందులోంచి దూసుకుపోయి గాస్కెట్‌ను కాల్చేస్తుంది.

మూడు కార్లు, రెండు పద్ధతులు

దేశంలో ఇళ్ల వద్ద ఇంకా కనిపించే పాత కార్లలో మారుతి 800, అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని ముఖ్యమైనవి. మారుతి 800 తొలి కారు 1983 డిసెంబరు 14న వినియోగదారు చేతికి అందింది. దాని ఉత్పత్తి 2014 ఆరంభంలో ఆగిపోయింది. అదే ఏడాది మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారీ నిలిచిపోయింది.

1,489 సీసీ ఇంజిన్ ఉన్న అంబాసిడర్‌లోను, 1,089 సీసీ పద్మినిలోను క్యామ్‌షాఫ్ట్ కింద బ్లాక్‌లోనే ఉంటుంది. అక్కడి నుంచి పుష్‌రాడ్‌లు పైన ఉన్న వాల్వులను తెరుస్తాయి. హెడ్ తీసేటప్పుడు టైమింగ్ చెయిన్‌ను కదిలించనక్కరలేదు. అయితే ఏ పుష్‌రాడ్‌ను ఏ స్థానం నుంచి తీశారో తిరిగి అక్కడే పెట్టాలి. 796 సీసీ మూడు సిలిండర్ల మారుతి 800లో క్యామ్‌షాఫ్ట్ హెడ్‌పైనే ఉండి, రబ్బరు టైమింగ్ బెల్ట్ ద్వారా తిరుగుతుంది. అందువల్ల హెడ్ విప్పాలంటే బెల్ట్ తీయాలి, బిగించాక గుర్తులు కలిపి మళ్లీ ఎక్కించాలి. మిగతా పనిక్రమం మూడింటికీ చాలావరకు ఒక్కటే.

ఖర్చు పెట్టే ముందు కారు కాగితాలు చూసుకోవడం మంచిది. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి 5 ఏళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాల్లో పాత వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ఉన్నందున అక్కడివారు వాటినీ పరిశీలించుకోవాలి.

లక్షణాలు, నిర్ధారణ

గాస్కెట్ ఏ చోట దెబ్బతిన్నదన్న దాన్ని బట్టి లక్షణాలు మారుతాయి. కూలెంట్ సిలిండర్‌లోకి చేరితే సైలెన్సర్ నుంచి తెల్లని ఆవిరి ఎడతెగకుండా వస్తుంది, కొన్నిసార్లు దానికి తియ్యని వాసన ఉంటుంది. మండే వాయువు కూలెంట్‌లోకి చేరితే రేడియేటర్‌లో బుడగలు వస్తాయి, గొట్టాలు గట్టిపడతాయి. ఆయిల్, నీరు కలిస్తే ఆయిల్ గేజ్ పుల్లకు పాలు కలిపిన కాఫీ రంగు జిగురు అంటుకుంటుంది. రెండు పక్కపక్క సిలిండర్ల మధ్య గాస్కెట్ తెగితే పైకి ఏమీ కారదు. కాని ఇంజిన్ బలం తగ్గి వణుకుతుంది.

వీటిలో ఏ ఒక్క లక్షణాన్నీ చూసి హెడ్ విప్పడానికి పూనుకోరాదు. చలికాలంలో ఉదయం స్టార్ట్ చేసినప్పుడు కొద్దిసేపు వచ్చే తెల్లని ఆవిరి సహజమే. కొద్ది దూరాలే తిరిగే కారులో ఆయిల్ మూత లోపల తేమ చేరి తెల్లని నురుగు పట్టడమూ మామూలే. నీరు తగ్గడానికి రేడియేటర్ చిల్లు, వాటర్ పంపు కారడం, గొట్టం పగులు కూడా కారణాలు కావచ్చు.

నిర్ధారణకు మూడు పరీక్షలు ఉపకరిస్తాయి. కంప్రెషన్ గేజ్‌తో ప్రతి సిలిండర్‌లోని పీడనాన్ని కొలిచినప్పుడు రెండు పక్కపక్క సిలిండర్లలో అది బాగా తక్కువగా ఉంటే వాటి మధ్య గాస్కెట్‌ను అనుమానించాలి. కూలింగ్ వ్యవస్థలోకి చేతిపంపుతో గాలి ఎక్కించి చూస్తే, బయట ఎక్కడా కారకుండానే పీడనం పడిపోవడం లోపలి లీకుకు సూచన. మూడోది రసాయన పరీక్ష. రేడియేటర్ నోటి వద్ద పెట్టిన నీలిరంగు ద్రవం పసుపు రంగుకు మారితే, మండిన వాయువులోని కార్బన్ డయాక్సైడ్ కూలెంట్‌లోకి చేరుతోందని అర్థం.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయడం అత్యంత ప్రమాదకరం. చాలా కార్లలో ఆ మూత లోపలి పీడనాన్ని వాతావరణ పీడనం కన్నా సుమారు 0.9 బార్ ఎక్కువగా ఉంచుతుంది. ఆ పీడనంలో నీరు దాదాపు 118 డిగ్రీల వరకు మరగదు. మూత తెరిచిన మరుక్షణం పీడనం పడిపోయి, అంత వేడి నీరూ ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. మూత తీసేముందు ఇంజిన్ చేతితో తాకగలిగేంతగా చల్లారాలి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

అన్నింటికన్నా ముందు ఆ మోడల్‌కు చెందిన వర్క్‌షాప్ మాన్యువల్ కావాలి. హెడ్ బోల్టులు ఏ వరుసలో, ఎంత టార్క్‌తో బిగించాలో, వాల్వుల సందు ఎంత ఉండాలో అందులోనే ఉంటుంది. ఈ అంకెలు ఇంజిన్‌కు ఇంజిన్‌కు మారతాయి. ఒక కారు లెక్కను మరొక కారుకు వాడితే బోల్టు తెగవచ్చు, అల్యూమినియంలో మరలు ఊడిపోవచ్చు.

పనిముట్లలో సాకెట్ పానాల సెట్టు, టార్క్ రెంచ్, ఫీలర్ గేజ్, సరళరేఖలా తీర్చిన ఉక్కు పట్టీ తప్పనిసరి. ప్లాస్టిక్ గీకుడు పలక, శుభ్రమైన గుడ్డలు, వంకర పోని చెక్క దిమ్మెలు దగ్గర ఉంచుకోవాలి. టార్క్ రెంచ్ లేకుండా చేతి అంచనాతో హెడ్ బిగించడం కన్నా పని మొదలుపెట్టకపోవడమే మేలు.

విడిభాగాల్లో హెడ్ గాస్కెట్ ఒక్కటే కొంటే సరిపోదు. వాల్వ్ కవర్, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ గాస్కెట్లు కలిసి ఉన్న సెట్టు కొనాలి. థర్మోస్టాట్, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, కూలెంట్ కొత్తవి వేయాలి. ఎలాగూ విప్పుతున్నారు గనుక టైమింగ్ బెల్ట్, వాటర్ పంపు వయసు కూడా చూసుకోవాలి. విజయవాడ ఆటోనగర్, ఢిల్లీ కశ్మీరీ గేట్, కోల్‌కతా మల్లిక్ బజార్, బెంగళూరు జేసీ రోడ్డు వంటి చోట్ల పాత మోడళ్ల భాగాలు దొరుకుతాయి. నకిలీలూ వాటితో పాటే ఉంటాయి కనుక కొత్త గాస్కెట్‌ను పాతదాని పక్కన పెట్టి ప్రతి రంధ్రాన్నీ సరిపోల్చుకున్నాకే వాడాలి.

విప్పే క్రమం

ఇంజిన్ రాత్రంతా చల్లారాక పని మొదలుపెట్టాలి. వేడి మీద బోల్టులు వదులు చేస్తే హెడ్ వంగుతుంది. మొదట బ్యాటరీ నెగెటివ్ తీగ తీయాలి. పెట్రోలు గొట్టాలు విప్పుతారు కనుక దగ్గరలో నిప్పు, సిగరెట్, గ్యాస్ పొయ్యి ఉండకూడదు.

తర్వాత కూలెంట్‌ను పాత్రలోకి దింపాలి. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. పిల్లలు, కుక్కలు తాగే ప్రమాదం ఉన్నందున దానిని తెరిచి ఉంచరాదు, మురుగుకాలువలో పోయరాదు.

తీసే ప్రతి గొట్టానికీ, తీగకూ గుర్తు కట్టి, విప్పకముందే ఫోనులో ఫొటో తీసుకోవాలి. బోల్టులను అట్టముక్కపై ఇంజిన్ ఆకారం గీసి వాటి వాటి స్థానాల్లో గుచ్చి పెడితే తర్వాత తికమక ఉండదు. మారుతి 800 సిలిండర్లు 1-3-2 వరుసలో మండుతాయి. ప్లగ్గు తీగలపై అంకెలు వేయకపోతే బిగించాక ఇంజిన్ స్టార్ట్ కాక, తప్పు ఎక్కడుందో తెలియక సమయం వృథా అవుతుంది.

టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్‌లో ఒకటో సిలిండర్ పిస్టన్‌ను మాన్యువల్ చెప్పిన గుర్తు వద్దకు తెచ్చాకే బెల్ట్ తీయాలి. అప్పటి నుంచి తిరిగి బిగించేవరకు క్రాంక్‌ను, క్యామ్‌ను ఇష్టం వచ్చినట్లు తిప్పరాదు. ఎగ్జాస్ట్ బోల్టులు తుప్పుతో బిగుసుకుని ఉంటాయి. ముందురోజే వాటికి తుప్పు వదిలించే నూనె పట్టించి ఉంచాలి.

హెడ్ బోల్టులను బయటి చివరల నుంచి మధ్యకు, ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా, రెండు మూడు విడతల్లో వదులు చేయాలి. హెడ్ అతుక్కుపోయి రాకపోతే సందులో స్క్రూడ్రైవర్ దూర్చి లేపకూడదు. ఆ గీత కొత్త గాస్కెట్‌కు శాశ్వత శత్రువు అవుతుంది. చెక్కముక్క ఆనించి మెల్లగా తడితే అది వదులుతుంది. హెడ్‌ను ఇద్దరు కలిసి నిట్టనిలువుగా ఎత్తి చెక్క దిమ్మెలపై ఉంచాలి.

పాత గాస్కెట్ చెప్పే సంగతి

తీసిన గాస్కెట్‌ను వెంటనే పారేయకూడదు. ఇంజిన్‌లో ఏం జరిగిందో దాని మీద రాసి ఉంటుంది. రెండు సిలిండర్ల మధ్య సన్నని భాగం నల్లగా కాలి ఉంటే వాయువు అటు దూకుతోందని తెలుస్తుంది. నీటి రంధ్రాల చుట్టూ తుప్పు తిని ఉంటే కూలెంట్ లేకుండా ఉత్త నీటితో ఏళ్ల తరబడి నడిపినట్లు అర్థం. మూడింటిలో ఒక పిస్టన్ తల మాత్రమే కడిగినట్లు మెరుస్తూ ఉంటే ఆ సిలిండర్‌లోకి నీరు చేరినట్లే.

పాతకాలపు గాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతక వ్యాధులు తెస్తుంది. అందువల్ల అతుక్కున్న ముక్కలను పొడిగా గరుకు కాగితంతో రుద్దకూడదు. తడిపి, ప్లాస్టిక్ పలకతో గీకి, సంచిలో కట్టి పారేయాలి. గిర్రున తిరిగే గరుకు చక్రాలు వాడితే మరో నష్టం ఉంది. వాటి నుంచి రాలే రేణువులు ఆయిల్‌లో చేరి బేరింగులను అరగదీస్తాయి. సిలిండర్లలో, రంధ్రాల్లో గుడ్డలు కుక్కి శుభ్రం చేయాలి, చివర వాటిని లెక్కపెట్టి తీయాలి.

బోల్టు రంధ్రాల్లో నీరు, ఆయిల్ మిగలకూడదు. ద్రవం కుదించుకోదు గనుక అడుగు మూసి ఉన్న రంధ్రంలో బోల్టు బిగించినప్పుడు ఆ ఒత్తిడికి బ్లాక్ పగలవచ్చు. పైగా టార్క్ రెంచ్ తప్పుడు లెక్క చూపిస్తుంది.

కొలతే తీర్పు

ఇంటి వద్ద చేసే ఈ పనిలో ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. శుభ్రం చేసిన హెడ్ అడుగుభాగంపై ఉక్కు పట్టీని అంచు మీద నిలబెట్టి, దాని కింద ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూడాలి. పొడవునా రెండు అంచుల వెంట, రెండు చివర్లలో అడ్డంగా, మూల నుంచి మూలకు రెండు వైపులా మొత్తం ఆరు చోట్ల కొలవాలి. బ్లాక్ పైభాగాన్నీ అలాగే పరీక్షించాలి. చాలా చిన్న ఇంజిన్లకు అనుమతించే వంపు 0.05 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అది సన్నని తలవెంట్రుక మందం. కంటికి చదునుగా కనిపించే హెడ్ ఈ పరీక్షలో తప్పడం సర్వసాధారణం.

హద్దు దాటితే హెడ్‌ను ఇంజిన్ పనులు చేసే లేత్ వర్క్‌షాప్‌కు పంపి చదును చేయించాలి. అక్కడే పగుళ్ల కోసం పీడన పరీక్ష కూడా చేయించడం మంచిది. వేడెక్కిన అల్యూమినియం హెడ్‌లలో వాల్వుల మధ్య సన్నని పగుళ్లు ఏర్పడుతుంటాయి. చదును చేసేటప్పుడు ఎంత లోహం తీయవచ్చో మాన్యువల్‌లో ఉంటుంది. మితిమీరి తీస్తే దహన గది చిన్నదై ఇంజిన్‌లో నాకింగ్ మొదలవుతుంది. ఇంటి వద్ద పలకపై గరుకు కాగితం పరచి రుద్ది చదును చేయబోతే అంచులు గుండ్రబడి హెడ్ మరింత పాడయ్యే అవకాశమే ఎక్కువ.

బిగింపు

కొత్త గాస్కెట్‌కు పైవైపు, ముందువైపు తెలిపే గుర్తులు ఉంటాయి. తిరగేసి పెడితే నీటి రంధ్రాలు మూసుకుపోయి ఇంజిన్ మళ్లీ వేడెక్కుతుంది. మాన్యువల్ చెప్పకపోతే గాస్కెట్‌కు జిగురు, గ్రీజు, పెయింటు ఏదీ పూయకూడదు.

బోల్టు మరలకు ఆయిల్ రాయాలా, పొడిగా ఉంచాలా అన్నదీ మాన్యువల్ ప్రకారమే చేయాలి. ఆయిల్ రాపిడిని తగ్గిస్తుంది కనుక అదే టార్క్‌కు బోల్టు ఎక్కువగా సాగుతుంది. పాత ఇంజిన్లలో బోల్టులను సాధారణంగా మళ్లీ వాడవచ్చు. టార్క్ తర్వాత కొన్ని డిగ్రీలు తిప్పి బిగించాలని చెప్పే తరహా బోల్టులు చాలావరకు ఒక్కసారికే పనికొస్తాయి, వాటిని కొత్తవి కొనాలి.

విప్పేటప్పటి వరుసకు బిగించే వరుస తలకిందులు. మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, మొత్తం టార్క్‌ను రెండు మూడు విడతలుగా పంచి బిగించాలి. ఒకే బోల్టును ఒకేసారి పూర్తిగా బిగిస్తే హెడ్ ఒకవైపు నొక్కుకుని, గాస్కెట్ మరోవైపు లేస్తుంది. అంబాసిడర్ వంటి కొన్ని పాత ఇంజిన్లకు కొంతకాలం నడిచాక మరోసారి టార్క్ సరిచూడాలని సూచనలు ఉంటాయి. వాల్వుల సందును కూడా అప్పుడే సరిదిద్దాలి.

టైమింగ్ బెల్ట్ ఎక్కించి గుర్తులు కలిపాక, స్టార్టర్ జోలికి పోకుండా క్రాంక్‌ను పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా లోహం తగిలినట్లు ఆగితే బలవంతపెట్టకుండా గుర్తులు తిరిగి చూసుకోవాలి. గుర్తులు మళ్లీ కలిస్తేనే ముందుకు సాగాలి.

తొలి స్టార్ట్, ఆ తర్వాత

పాత ఆయిల్‌లో నీరు చేరి ఉంటుంది కనుక స్టార్ట్ చేయకముందే ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. కూలెంట్ పోసేటప్పుడు హీటర్ మీటను వేడి వైపు ఉంచి, గాలి బుడగలు బయటకు పోయేలా నెమ్మదిగా నింపాలి. లోపల గాలి చిక్కుకుంటే ఆ చోట హెడ్ చల్లబడదు, కొత్త గాస్కెట్ తొలిరోజే దెబ్బతినవచ్చు.

ఇంజిన్‌ను ఐడిల్‌లో నడుపుతూ ఉష్ణోగ్రత ముల్లును, రేడియేటర్ ఫ్యాన్‌ను గమనించాలి. ముల్లు మామూలు స్థాయికి వచ్చి ఫ్యాన్ తిరగడం, ఆగడం జరిగితే థర్మోస్టాట్, ఫ్యాన్ పనిచేస్తున్నట్లే. సైలెన్సర్‌లో చేరిన నీరు ఆవిరై పోయేవరకు కొంతసేపు తెల్లని పొగ రావచ్చు. చల్లారాక కూలెంట్ మట్టం చూసి తగ్గినది నింపాలి. కొద్ది రోజులపాటు ప్రతి ఉదయం కూలెంట్, ఆయిల్ రెండూ చూసుకోవాలి.

మూలకారణాన్ని సరిచేసినప్పుడే ఈ శ్రమకు ఫలితం ఉంటుంది. వేసవిలో రెంటచింతల, రామగుండం వంటి చోట్ల 45 డిగ్రీలు దాటే ఎండల్లో కూలింగ్ వ్యవస్థలోని చిన్న లోపం కూడా పెద్దదవుతుంది. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు రేడియేటర్ గొట్టాల్లో గట్టిపడి ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. శుద్ధజలంతో కలిపిన కూలెంట్ వాడితే ఆ బెడద తప్పుతుంది, తుప్పూ తగ్గుతుంది. దారిలో ముల్లు ఎరుపు గీతకు చేరిన వెంటనే కారు ఆపి ఇంజిన్ కట్టేస్తే గొట్టమో, ఫ్యానో మార్చడంతో పోతుంది. ఇంకో పది కిలోమీటర్లు లాగించాలని చూస్తే గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది. వేడెక్కిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోయడం కూడా హెడ్ పగలడానికి దారితీస్తుంది.

రేడియేటర్‌లో పోస్తే లీకులు మూసుకుంటాయని అమ్మే ద్రవాలు మహా అయితే కొద్దికాలం నెట్టుకురావడానికి పనికొస్తాయి. అవి సన్నని రేడియేటర్ దారులను, హీటర్‌ను కూడా మూసేయవచ్చు.

ఇంటి వద్ద ఆగవలసిన చోట

హెడ్‌లో పగులు కనిపించినా, బ్లాక్ పైభాగం వంగి ఉన్నా, సిలిండర్ గోడపై లోతైన గీతలున్నా పనిని అనుభవజ్ఞులకు అప్పగించాలి. సిలిండర్‌లో నీరు నిండి ఇంజిన్ ఒక్కసారిగా బిగుసుకుపోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగి ఉండవచ్చు, దానిని హెడ్ తీసినంత మాత్రాన సరిచేయలేరు. చాలా డీజిల్ ఇంజిన్లలో పిస్టన్ బ్లాక్‌పైకి ఎంత పొడుచుకు వచ్చిందో కొలిచి, దానికి తగిన మందం గాస్కెట్ ఎంచుకోవాలి. తొలిసారి ఈ పనికి దిగేవారు అలాంటి ఇంజిన్‌తో మొదలుపెట్టకపోవడం మంచిది.

అనుభవం ఉన్న మెకానిక్ ఒకటి రెండు రోజుల్లో ముగించే పనికి, ఇంటి వద్ద తొలిసారి చేసేవారికి వారాంతం సరిపోకపోవచ్చు. లేత్ వర్క్‌షాప్ నుంచి హెడ్ తిరిగి వచ్చేవరకు ఆగవలసి రావడం మామూలే. ఆ వ్యవధిలో కారు మీద ఆధారపడకుండా ఏర్పాటు చేసుకుంటే తొందర ఉండదు. కొలవవలసిన చోట కొలవడానికి, ఆగవలసిన చోట ఆగడానికి అప్పుడే వీలుంటుంది.